హియరింగ్ దాకా వచ్చిన డిజబిలిటీ కేసు: ఎన్నాళ్లు పడుతుంది, అవకాశం ఎంత?

మీ ప్రశ్న క్లుప్తంగా: న్యూజెర్సీలో ఉన్న మీ బావగారికి 49 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, వెన్నెముకకు రెండు సర్జరీలు. ఎస్‌ఎస్‌డీఐ (పని చేయలేని స్థితికి వచ్చిన ఉద్యోగికి సోషల్ సెక్యూరిటీ ఇచ్చే నెలవారీ బెనిఫిట్) రెండుసార్లు కాదన్నారు. జడ్జి దగ్గర హియరింగ్ అడిగితే ఎన్నాళ్లు పడుతుంది, వస్తుందా?

ముందు గడువు చూసుకోండి. రెండో డినయల్ లెటర్ అందిన దగ్గర్నుంచి 60 రోజుల్లో హియరింగ్ అడగాలి. లెటర్ మీది తేదీకి ఐదు రోజుల తర్వాత అందినట్టు లెక్కేస్తారు. హియరింగ్ అడిగే ఫారం హెచ్‌ఏ-501, దానితోపాటు అప్పీల్‌లో ఆరోగ్య వివరాలు రాసే ఎస్‌ఎస్‌ఏ-3441, మెడికల్ రికార్డులు తెప్పించుకోవడానికి అనుమతిచ్చే ఎస్‌ఎస్‌ఏ-827. ఆన్‌లైన్‌లో పెట్టి రసీదు దాచుకోండి. ఈ దశలో చాలామంది విసుగొచ్చి అప్పీల్ వదిలేసి కొత్త అప్లికేషన్ వేస్తారు. మళ్లీ మొదటి మెట్టు దగ్గరకే వెళ్తారు, పాత అప్లికేషన్ తేదీ పోతుంది, దాంతో రావాల్సిన వెనకటి డబ్బూ తగ్గుతుంది. పైగా పని ఆపేశాక ఇన్సూర్డ్ స్టేటస్ (కట్టిన పన్నుతో వచ్చే ఈ బెనిఫిట్ అర్హత) సాధారణంగా ఐదేళ్లకు మించి నిలవదు. ఆ చివరి తేదీలోపే పని చేయలేని స్థితి వచ్చిందని నిరూపించాలి. మనవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో (చదువుకు సంబంధించిన తాత్కాలిక ఉద్యోగ అనుమతి) చేసిన ఏళ్లలో సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టి ఉండకపోతే ఆ ఏళ్లకు ఈ అర్హతకు లెక్కించే క్రెడిట్లు ఉండవు. ఎస్‌ఎస్‌ఏ (సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్) అకౌంట్‌లో స్టేట్‌మెంట్ తెరిచి చూడండి.

ఇక శాతాలు. మొదటి దశలో వందలో 35–40 మందికి వస్తుంది. రీకన్సిడరేషన్‌లో (మొదటి డినయల్ మీద పునఃపరిశీలన) 15 అటూ ఇటూ. హియరింగ్‌లో తీర్పు వచ్చిన కేసుల్లో సగానికి పైగా. అయితే ఎస్‌ఎస్‌ఏ వాళ్లు జడ్జి పేరుతో సహా ప్రచురించే పట్టికలో డిస్పోజిషన్స్ (ముగిసిన కేసులన్నీ), డెసిషన్స్ (తీర్పు వచ్చినవి) అని రెండు లెక్కలుంటాయి. మొదటిదానిలో హియరింగ్‌కు రానివాళ్లు, వెనక్కి తీసుకున్నవాళ్లు, గడువు దాటి కొట్టేయించుకున్నవాళ్లు కూడా ఉంటారు. మంజూరైన కేసుల్ని ఆ అంకెతో భాగిస్తే శాతం తక్కువ వస్తుంది, డెసిషన్స్‌తో భాగిస్తే ఎక్కువ వస్తుంది. మీరు హియరింగ్‌కు వెళ్తున్నారు కాబట్టి మీకు పనికొచ్చేది రెండోది. జడ్జికీ జడ్జికీ తేడా చాలా పెద్దదే, కానీ జడ్జిని మీరు ఎంచుకోలేరు. ఆ పట్టిక ముందేసుకుని నిద్ర పాడుచేసుకోవడం దండగ.

వెయిటింగ్ సంగతి: 2017లో దేశ సగటు 600 రోజులు దాటింది, పెండింగ్ పది లక్షలకు పైనే ఉండేది. ఆ తర్వాత బాగా తగ్గింది, ఇప్పుడు సగటు ఏడాదిలోపే. ఇక్కడా రెండు వేర్వేరు లెక్కలున్నాయి. ఒకటి హియరింగ్ జరిగే దాకా, నెలల్లో ఇస్తారు. ఇంకొకటి కేసు ముగిసే దాకా, రోజుల్లో ఇస్తారు. హియరింగ్ అయ్యాక తీర్పు చేతికి రావడానికి మరో నెల నుంచి మూడు నెలలు వేసుకోండి. మీ హియరింగ్ ఆఫీసు అంకె విడిగా దొరుకుతుంది. ఇల్లు పోయే పరిస్థితి, తిండికీ మందులకూ డబ్బు లేకపోవడం, ప్రాణాంతక వ్యాధి ఉంటే రుజువులతో హియరింగ్ ఆఫీసుకు రాయండి, కేసు ముందుకు జరుపుతారు. ఫైలు బలంగా ఉంటే హియరింగ్ లేకుండానే తీర్పివ్వమని లాయరు అడగొచ్చు.

అసలు కష్టం మీ బావగారి వృత్తిలో ఉంది. 50 ఏళ్లు దాటాక గ్రిడ్ రూల్స్ (వయసు, చదువు, పని అనుభవం బట్టి డిజబిలిటీ తేల్చే పట్టిక) కొంత మెత్తబడతాయి. గ్యాస్ స్టేషన్‌లోనో వేర్‌హౌస్‌లోనో నిలబడి పనిచేసిన మనిషి 50 దాటి, కూర్చునే పని మాత్రమే చేయగలడని తేలి, వేరే పనికి అక్కరకొచ్చే నైపుణ్యం లేకపోతే చాలావరకు వచ్చేస్తుంది. టెస్టర్‌ది మొదటి నుంచీ కూర్చునే పనే. "బరువులెత్తలేను, నిలబడలేను" అంటే జడ్జి "మంచిది, కూర్చుని పాత పని చేసుకోండి" అంటారు. కాబట్టి కేసంతా వేరే విషయాల మీద నడవాలి: ఎన్ని నిమిషాలకు లేవాల్సి వస్తుంది, రోజులో ఎన్నిసార్లు పడుకోవాలి, నొప్పి మందులతో మత్తు ఎంతసేపు ఉంటుంది, నెలలో ఎన్ని రోజులు అసలు లేవలేరు. హియరింగ్‌లో వొకేషనల్ ఎక్స్‌పర్ట్ (ఏ ఉద్యోగానికి ఏం కావాలో చెప్పే నిపుణులు) ఉంటారు. రోజులో 15 శాతం సమయం పని మీద ధ్యాస తప్పినా, నెలకు రెండు రోజులు రాకపోయినా ఏ ఉద్యోగమూ నిలవదని వాళ్లే సాధారణంగా ఒప్పుకుంటారు. అందుకే ఆ అంకెలు మెడికల్ ఫైలులో ముందే ఉండాలి.

డాక్టర్ దగ్గర "ఈయన డిజేబుల్డ్" అని ఒక్క వాక్యం రాయించుకొస్తే పైసా విలువ లేదు. ఆ నిర్ణయం డాక్టరుది కాదని నిబంధనే ఉంది. 2017 మార్చి 27 నుంచి వేసిన క్లెయిముల్లో సొంత డాక్టరు మాటకు ప్రత్యేక బరువు కూడా లేదు. పరీక్షల్లో ఆధారం ఉందా, మిగతా రికార్డుతో పొసుగుతుందా అన్నదే ప్రధానంగా చూస్తారు. లాయరు దగ్గర ఆర్‌ఎఫ్‌సీ ఫారం (ఇంకా ఏ పని ఎంత చేయగలరో డాక్టరు రాసేది) ఉంటుంది. కూర్చోవడం, నిలబడటం, చేతుల వాడకం, సెలవు రోజులు, అన్నీ అంకెలతో డాక్టరు చేత నింపించండి, పక్కన ఎంఆర్‌ఐ తేదీ వేయించండి.

మనవాళ్ల కేసుల్ని దెబ్బతీసే ఇంకో అలవాటు: డాక్టర్ "ఎలా ఉన్నారు" అంటే మర్యాదకు "బాగానే ఉందండి" అనేయడం. అది నోట్స్‌లో "డూయింగ్ వెల్" అని పడుతుంది, జడ్జి తీర్పులో దాన్నే ఎత్తి చూపుతారు. ప్రతి విజిట్‌లోనూ ఆ నెలలో ఏం చేయలేకపోయారో చెప్పాలి. ఇండియా ప్రయాణం చేస్తే ఆ ప్రశ్న కూడా వస్తుంది: అన్ని గంటల విమానంలో ఎలా కూర్చున్నారని. వీల్‌చైర్ సాయం, మధ్యలో లేచి తిరగడం, దిగాక ఎన్ని రోజులు మంచం మీద ఉన్నారు, ఉన్నదున్నట్టు చెప్పండి. దాచి దొరికిపోతే మిగతా మాటలూ నమ్మరు.

హియరింగ్ నోటీసు కనీసం 75 రోజుల ముందు వస్తుంది. ఫోన్‌లో గానీ వీడియోలో గానీ వద్దనుకుంటే, ఆ సంగతి అడుగుతూ అంతకు ముందే వచ్చే నోటీసు అందిన 30 రోజుల్లో చెప్పాలి. రుజువులన్నీ హియరింగ్‌కు కనీసం ఐదు పని దినాల ముందు ఇవ్వాలి. ఆసుపత్రి రికార్డు ఇంకా రాకపోతే ఫలానా చోటి నుంచి ఫలానా రికార్డు రావాలని ఆ గడువులోపే రాసి పెట్టండి. లేదంటే జడ్జి తీసుకోకపోవచ్చు. ఇంగ్లిష్ తడబడే పెద్దవాళ్లయితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగండి, ఖర్చు ఎస్‌ఎస్‌ఏదే. హియరింగ్ సాధారణంగా గంటలోపే ముగుస్తుంది. ఎదుటి పక్షాన ప్రభుత్వ లాయరు ఉండరు.

లాయరు ఫీజు వెనకటి డబ్బులో 25 శాతం లేదా గరిష్ఠ పరిమితి (2024 నవంబర్‌లో పెట్టినది 9,200 డాలర్లు), ఏది తక్కువైతే అది. కేసు పోతే ఫీజు లేదు, రికార్డుల ఖర్చు మాత్రం విడిగా అడగొచ్చు. మొదటి ఐదు నెలలకు బెనిఫిట్ ఇవ్వరు. అప్లికేషన్‌కు ముందటి కాలానికి గరిష్ఠంగా ఏడాది వరకు వస్తుంది. మెడికేర్‌కు (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆగాల్సిన 24 నెలల లెక్క బెనిఫిట్ హక్కు మొదలైన నెల నుంచి, తీర్పు తేదీ నుంచి కాదు. కంపెనీ లాంగ్ టర్మ్ డిజబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకుంటున్నట్టయితే ఆ కాంట్రాక్టు చదవండి. ఎస్‌ఎస్‌డీఐ నుంచి ఒకేసారి వచ్చే మొత్తంలో పెద్ద భాగాన్ని ఆ ఇన్సూరెన్స్ కంపెనీ తిరిగి ఇమ్మంటుంది, అది తేలేదాకా ఆ డబ్బు ముట్టుకోకండి.