ఈఎంఐ అయిపోతోంది, పెద్ద బండి ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది ఆరుగురి కుటుంబం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మావయ్య. నాలుగేళ్ల క్రితం లోన్ మీద ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ కొన్నాం. ఇంకో రెండు నెలల్లో ఈఎంఐలు అయిపోతాయి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతాం, లీటరుకు 10 ఇస్తుంది. అందులో ఒక 3,000 కొండలకీ అడవులకీ అందరం కలిసి వెళ్లే ట్రిప్పులు. మిగతాది మావారి ఆఫీసు (ఒకవైపు 18 కిలోమీటర్లు, దాదాపు ఎప్పుడూ ఒక్కరే), పిల్లల బడి, ఇంటి పనులు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ప్రతి ట్రిప్పుకి ముందూ గొడవే. "అడవిని చూడ్డానికి ఇంత పొగ వదులుకుంటూ వెళ్లాలా?" అంటుంది. మావారు దీన్ని అమ్మేసి ఇంకా పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తీసుకుందాం, పొగా ఉండదు డీజిల్ ఖర్చూ ఉండదు అంటున్నారు. నాకేమో చిన్న కారుకి మారిపోవాలనుంది. డబ్బు పరంగా ఏది సరైనది? పర్యావరణం సంగతి కూడా లెక్కలో వేసి చెప్పండి.

జవాబు: రెండు నెలల తర్వాత ఏ బండీ కొనకండి. ఉన్నదాన్ని అమ్మకండి కూడా. ఇంకో మూడేళ్లు అదే ఉంచుకుని, దాన్ని తక్కువ తిప్పండి. మీరూ మీవారూ ఇద్దరూ ఒప్పుకోని సలహా ఇది, కాబట్టి లెక్క విడమరిచి చెప్పాలి.

ఇంధనం ధరలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, రేపటికి మారతాయి. అందుకని అన్నీ లీటర్లలోనే చూద్దాం. పర్సు లెక్క, పొగ లెక్క రెండూ లీటరు దగ్గరే కలుస్తాయి కూడా. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, లీటరు పెట్రోల్‌కి 2.3 కిలోలు. కిలో బరువు కూడా లేని లీటరు డీజిల్ నుంచి అంత ఎలా వస్తుందని మీ అమ్మాయి అడగొచ్చు. డీజిల్‌లోని కార్బన్ మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, ఆ బరువూ చేరుతుంది. ఈ మాత్రం కెమిస్ట్రీ తనకి మీకంటే బాగా తెలిసి ఉండాలి.

మీ ఇంట్లో ఏడాదికి 1,500 లీటర్లు, అంటే సుమారు 4 టన్నులు. ఇందులో ట్రిప్పుల వాటా 300 లీటర్లే, ఐదో వంతు. ఆరుగురు కూర్చుని వెళ్తున్నప్పుడు లీటరుకు 10 ఇచ్చే బండి ఒక్కో మనిషి లెక్కన లీటరుకు 60 ఇచ్చినట్టు. అదే బండిలో మీవారు ఒక్కరే ఆఫీసుకి వెళ్తే ఆ 60 కాస్తా 10కి పడిపోతుంది. లీటరుకు 18 ఇచ్చే చిన్న కారులో ఒక్కరే వెళ్లేవారికంటే, ట్రిప్పులో నిండుగా వెళ్లే మీ పెద్ద బండి మనిషికి తక్కువ పొగ వదులుతోంది. కాబట్టి అమ్మాయి కోపం సరైనదే కానీ దాన్ని శనివారం అడవి దారి మీద కాకుండా సోమవారం ఆఫీసు దారి మీద చూపించమనండి. ఆఫీసు రోజులు ఏడాదికి 240 అనుకుంటే, రోజుకి 36 చొప్పున 8,640 కిలోమీటర్లు. మీ మొత్తంలో సగానికి పైగా అక్కడే ఉంది. ఏడు సీట్లు, రెండు టన్నులకు అటూ ఇటూ ఇనుము, ఒక మనిషి.

పెద్ద బండ్ల గురించి అసలు చెప్పుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. కొనేటప్పుడు అందరి కళ్ల ముందూ ట్రిప్పులే ఉంటాయి. ఏడాదిలో కొద్ది రోజులు అవసరమయ్యే నిచ్చెనని మిగతా రోజులన్నీ భుజాన వేసుకు తిరుగుతాం. ఒక్క ఇల్లు ఇలా చేస్తే పెద్ద తేడా రాదు. కానీ అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో 48 శాతం ఎస్‌యూవీలే. ప్రపంచంలో తిరిగే ఎస్‌యూవీలన్నిటినీ కలిపి ఒక దేశం అనుకుంటే, కార్బన్ డయాక్సైడ్ వదలడంలో అది ఐదో స్థానంలో ఉంటుందని కూడా ఆ సంస్థే చెప్పింది, జపాన్ కంటే పైన. మధ్యస్థ కారుతో పోలిస్తే ఇవి సగటున 200 నుంచి 300 కిలోల బరువెక్కువ, పొగ ఐదో వంతు ఎక్కువ.

ఇప్పుడు మీ ఆలోచనకి వస్తాను. చిన్న పెట్రోల్ కారుకి మారి, ట్రిప్పులకి మాత్రం పెద్ద బండి అద్దెకి తీసుకుంటే? రోజువారీ 12,000 కిలోమీటర్లకి ఇప్పుడు 1,200 లీటర్లు పోతున్నాయి. 18 ఇచ్చే కారులో సుమారు 667 అవుతుంది. 533 లీటర్ల మిగులు, కార్బన్ లెక్కలో 1.7 టన్నులు తక్కువ. మంచిదే. ఇక రెండో దారి చూడండి. బండి మార్చకుండా, మీవారు వారంలో ఐదు ఆఫీసు రోజుల్లో మూడు రోజులు సొంత బండి తీయకపోతే చాలు. ఒక రోజు సహోద్యోగి కారులో, ఒక రోజు బస్సో రైలో, కుదిరితే ఒక రోజు ఇంటి నుంచి పని. 5,184 కిలోమీటర్లు తగ్గుతాయి, అంటే 518 లీటర్లు. చిన్న కారు కొంటే వచ్చే మిగులుకి దాదాపు సమానం. డీజిల్ కాబట్టి కార్బన్ తగ్గుదల కొంచెం తక్కువే, 1.4 టన్నులు. కానీ దీనికి కొత్త లోన్ అక్కర్లేదు, కొత్త కారు తయారీలో కొన్ని టన్నుల కార్బన్ కొత్తగా పుట్టనక్కర్లేదు.

ఇంకోటి. మీరు అమ్మిన బండి రోడ్డు మీద నుంచి మాయమైపోదు. ఇంకెవరో కొనుక్కుని నడుపుతారు, బహుశా మీకంటే ఎక్కువే. మీ ఇంటి ఖాతాలో పొగ తగ్గుతుంది, గాలిలో తగ్గకపోవచ్చు. డబ్బు వైపు చూసినా, కొత్త బండి విలువలో పెద్ద కోత మొదటి మూడు నాలుగేళ్లలోనే పడుతుంది. ఆ నష్టం మీరు భరించేశారు. ఇక నుంచి విలువ నెమ్మదిగా తగ్గే కాలం, ఈఎంఐ లేని కాలం. కారు జీవితంలో యజమానికి చవగ్గా గడిచే రోజులు ఇవే. సరిగ్గా ఇక్కడే జనం అమ్మేస్తారు, నాకెప్పుడూ అర్థం కాని విషయం.

మీవారి ఎలక్ట్రిక్ ఆలోచనని కొట్టిపారేయను. అదే సైజు డీజిల్ బండితో పోలిస్తే ఎలక్ట్రిక్ చాలా చోట్ల మేలే, కరెంటు బొగ్గు నుంచి ఎంత తక్కువ వస్తే అంత మేలు. పేచీ "ఇంకా పెద్ద" అన్న మాటతోనే. చిన్న ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకి 13 నుంచి 15 యూనిట్లు తీసుకుంటే పెద్దది 20 నుంచి 25 దాకా తాగుతుంది. బరువైన బండిని దూరం నడిపించాలంటే పెద్ద బ్యాటరీ కావాలి, పెద్ద బ్యాటరీ మళ్లీ బరువు. ఈ వరస ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే జీఎంసీ హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్‌ని చూడండి, 4 టన్నులు దాటుతుంది. పైపు నుంచి పొగ రాకపోయినా టైర్ల అరుగుదల నుంచి వచ్చే ధూళి బరువుతో పాటే పెరుగుతుంది. యూరప్ 2024లో ఆమోదించిన యూరో 7 వాహన కాలుష్య నిబంధనల్లో టైర్లు, బ్రేకుల అరుగుదలను కూడా చేర్చింది అందుకే.

డబ్బు సంగతి మరీ తేలిక. షోరూములో ఈఎంఐ ఎక్కువనిపిస్తే ఏడేళ్లకి సాగదీసి ఇస్తారు. 9 శాతం వడ్డీకి 100 అప్పు తీసుకుంటే ఐదేళ్లలో మొత్తం 124.50 దాకా కడతారు, ఏడేళ్లలో 135. పెద్ద బండికి తీసుకునే అప్పే పెద్దది, దాని మీద ఈ వడ్డీ. బ్యాటరీ ధరలూ మోడళ్లూ వేగంగా మారుతున్న ఈ కాలంలో ఏడేళ్ల అప్పు పెట్టుకుంటే, అది తీరేలోపు మీ బండి పాతబడిపోతుంది. ఏడాదికి మీ డీజిల్ ఖర్చెంతో ఒక కాగితం మీద వేసి, పక్కన ఆ లోన్ మొదటి ఏడాది వడ్డీ వేసి చూడమనండి. చాలా ఇళ్లలో ఆ కాగితంతోనే సంభాషణ ముగుస్తుంది.

పెద్దదైతే సేఫ్ కదా అని కూడా అంటారు. లోపలివాళ్లకి కొంతవరకు నిజం. బయటివాళ్లకి కాదు. అమెరికాలోని హైవే సేఫ్టీ బీమా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో ఇచ్చిన అధ్యయనంలో, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు పాదచారిని ఢీకొంటే, ముందు భాగం తక్కువ ఎత్తులో వాలుగా ఉన్న కార్లతో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. బడి గేటు దగ్గర బండి ఆపేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఇప్పుడు పెద్ద బండి కొనేవారికి ఇంకో రిస్క్ ఉంది, దాన్ని ఎవరూ బడ్జెట్‌లో వేసుకోరు. బరువు మీద పన్ను. ఫ్రాన్స్ 2022లో 1,800 కిలోలు దాటిన కొత్త కార్ల మీద బరువు పన్ను పెట్టింది, 2024లో ఆ హద్దుని 1,600కి దించింది. పారిస్ 2024 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టి, బయటి నుంచి వచ్చే బరువైన బండ్ల పార్కింగ్ ఫీజుని మూడింతలు చేసింది. అందులో ఎలక్ట్రిక్ బండ్లకీ మినహాయింపు లేదు, 2 టన్నులు దాటితే అవీ కట్టాలి. దీనికి పూర్తి వ్యతిరేకమూ ఉంది. అమెరికా పన్ను చట్టం 6,000 పౌండ్లు దాటిన బండిని వ్యాపారానికి కొంటే ఎక్కువ మినహాయింపు ఇస్తుంది, అంటే బరువెక్కితే బహుమతి. రెండో రకం నియమాలు ఎప్పటికీ ఉంటాయని నేనైతే పందెం కాయను.

చేయాల్సినవి చెబుతాను. లోన్ అయిపోయిన నెల నుంచి అదే ఈఎంఐని, అదే తారీఖున, రికరింగ్ డిపాజిట్‌లోకో తక్కువ రిస్క్ ఉన్న డెట్ ఫండ్‌లోకో (బాండ్లలో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్) వెళ్లేలా ఆటో డెబిట్ పెట్టండి. ఒక్క నెల కూడా గ్యాప్ ఇవ్వకండి, ఇస్తే ఆ డబ్బు ఇంట్లో కలిసిపోతుంది. 7 శాతం రాబడి అనుకుంటే మూడేళ్లలో 36 ఈఎంఐలు కట్టి, దాదాపు 40 ఈఎంఐల సొమ్ము చేతిలో పెట్టుకుంటారు. పాత బండి అమ్మిన డబ్బు కూడా కలిపి అప్పుడు రోజువారీ వాడకానికి సరిపడే చిన్న ఎలక్ట్రిక్ కారు కొనండి, అప్పు లేకుండానో చాలా కొద్ది అప్పుతోనో. ట్రిప్పులకి ఏడు సీట్లది అద్దెకి. మీ కోరికా మీవారి కోరికా అప్పుడు కలుస్తాయి, మూడేళ్లు ఆలస్యంగా.

ఈలోపు ప్రతి లీటరు మీద ఇంట్లోనే ఒక పన్ను వేసుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2023లో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల ప్రపంచానికి జరిగే నష్టాన్ని 190 డాలర్లుగా లెక్కగట్టింది. మీ 4 టన్నులకి 760 డాలర్లు, లీటరు డీజిల్‌కి అర డాలరు పైన. మనం బంకులో కట్టని, ఇంకెవరో ఎప్పుడో కట్టే బిల్లు అది. ఆ సొమ్ముతో ఆఫ్‌సెట్లు, అంటే మన పొగకి బదులుగా ఇంకెక్కడో కార్బన్ తగ్గిస్తామనే హామీలు, కొనమని నేను చెప్పను. ఎక్కడో చెట్లు నాటుతారన్న భరోసాతో మనం ఇంకాస్త ఎక్కువ తిరుగుతాం. డీజిల్ కొట్టించిన ప్రతిసారీ బిల్లులో నాలుగో వంతు ఆ కొత్త కారు ఖాతాలోకే పంపండి. లెక్క రాసే పని మీ అమ్మాయికి అప్పగించండి. తను వాదించడం మానదు, కానీ అంకెలతో వాదిస్తుంది.

మైలేజీ పెంచడం మీద కూడా దృష్టి పెట్టండి. తక్కువ మైలేజీ బండిలో చిన్న మార్పు పెద్ద మిగులునిస్తుందని చాలామంది గమనించరు. లీటరుకు 20 ఇచ్చే కారుని 25కి పెంచితే 10,000 కిలోమీటర్లకి 100 లీటర్లు మిగులుతాయి. 8 ఇచ్చేదాన్ని 10కి తెస్తే 250. మీ 10ని 11 చేయడం అసాధ్యమేమీ కాదు. టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి, పైన సామాను పెట్టె అవసరం తీరగానే దింపేయండి. హైవే వేగంలో ఆ పెట్టె ఒక్కటే 10 నుంచి 25 శాతం దాకా మైలేజీ తినేస్తుంది. వేగం 90 నుంచి 120కి పెంచితే గాలి నిరోధం 1.78 రెట్లవుతుంది, ఎత్తైన బండికి ఆ దెబ్బ మరీ ఎక్కువ. ఆఫీసు ప్రయాణాలు తగ్గి మైలేజీ 11కి వస్తే మీ 1,500 లీటర్లు 900 లోపుకి దిగుతాయి. నలభై శాతం తగ్గుదల, కొత్త బండి లేకుండా.

ట్రిప్పుల్లో ఒక్క నియమం పెట్టుకోండి, ఉన్న బాట దాటి చక్రం దించవద్దు. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉంది కదా అని గడ్డిలోకి, ఇసుకలోకి, వాగులోకి దింపుతారు. బరువైన బండి మట్టిని గట్టిగా అణిచేస్తే నీళ్లు ఇంకవు, మొలక రాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని మొహావే ఎడారిలో సైనిక శిక్షణకి తిప్పిన ట్యాంకుల జాడలు ఇప్పటికీ కనిపిస్తాయి. అడవి దగ్గర అమ్మాయి గొడవపడితే ఈ విషయంలో పడనివ్వండి, అక్కడ తనదే న్యాయం.

ఆఖరుగా బీమా. వచ్చే రెన్యువల్‌కి ముందే, నడిపిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం వేసే పాలసీ ఉందేమో మీ కంపెనీని అడగండి. ఏడాదికి 10,000 లోపు తిరుగుతామని మీరు నిజాయితీగా చెప్పగలిగితే అక్కడా కొంత తగ్గుతుంది. ఓడోమీటర్ ఫోటో తీసి తారీఖుతో దాచుకోండి, తర్వాత వాళ్లు అడుగుతారు.