డ్రైవర్ ఉన్నా వైఫై రాకపోతే సెక్యూర్ బూట్ సంగతి చూడండి

ఉబుంటు లినక్స్‌లో బ్రాడ్‌కామ్ 43142 వైఫై చిప్‌కి డ్రైవర్ వేసినా వైఫై కనిపించట్లేదని, మోడ్‌ప్రోబ్ (డ్రైవర్‌ని లోడ్ చేసే కమాండ్) కొడితే ‘కీ రిజెక్టెడ్’ అని వస్తోందని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, ఆ మాటను బట్టి చూస్తే కార్డు పాడవలేదు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్నప్పుడు, తనకు తెలియని కీతో సంతకం చేసిన మాడ్యూల్‌ని, అంటే డ్రైవర్ ఫైల్‌ని, కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లోపలికి రానివ్వదు. కాబట్టి ఆ కీని మనమే నమోదు చేయాలి.

టెర్మినల్‌లో ‘sudo update-secureboot-policy --enroll-key’ కొట్టండి. పాస్‌వర్డ్ అడుగుతుంది, కనీసం 8 అక్షరాలు ఉండాలి. కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. 10 సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలి, లేకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది. చాలామందికి తప్పిపోయేది అక్కడే. ‘ఎన్‌రోల్ మోక్’ (మోక్ అంటే కంప్యూటర్ యజమాని నమోదు చేసే కీ), ‘కంటిన్యూ’, ‘యెస్’ నొక్కి ఆ పాస్‌వర్డే ఇచ్చి రీబూట్ చేయండి.

సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది కానీ, నేనైతే ఆపమని చెప్పను.