ఆ చూపు సంగతి తర్వాత, ముందు కుర్చీ చూడు

అమ్మాయీ,

పాతకాలపు శాస్త్రవేత్తల ఫొటోల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. నా పేచీ అంతా మొదటి పేరాతోనే. లండన్‌లో మాల్ అండ్ పాలీబ్లాంక్ స్టూడియో వాళ్లు తీసిన డార్విన్ ఫొటో ముందు పెట్టుకుని "సృష్టి రహస్యాన్ని వెతికే చూపు" అని రాసేశావు. ఆ ముఖం గురించి డార్విన్ ఏమన్నాడో తెలుసా? నిజంగా నా ముఖం ఈ ఫొటోలో ఉన్నంత చెడ్డగా ఉంటే, నాకు ఒక్క స్నేహితుడైనా ఎలా ఉన్నాడో అని 1855లో తన స్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త హుకర్‌కి రాసిన ఉత్తరంలో వాపోయాడు.

మరి ముఖం అలా ఎందుకొచ్చింది? అక్కణ్ణుంచి మొదలుపెట్టు. అప్పట్లో వాడుకలో ఉన్నది ఆర్చర్ అనే ఆంగ్లేయుడు 1851లో బయటపెట్టిన తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరేలోపే ఫొటో తీసి డెవలప్ చేసెయ్యాలి. కూర్చున్న మనిషి కొన్ని సెకన్లపాటు కదలకూడదు. అందుకని కుర్చీ వెనక ఒక ఇనప స్టాండు పెట్టి, దాని కొక్కెంతో తలని వెనకనుంచి ఆనించి ఉంచేవాళ్లు. ఫొటోలో అది కనపడదు. నువ్వు గాంభీర్యం అనుకున్నదాంట్లో సగం ఆ ఇనప ముక్కదే అయ్యుండొచ్చు. పైగా ఆ పలకకి నీలం బాగా తెలుసు, ఎరుపు తెలియదు. ఎర్రటి బుగ్గలు నల్లబడతాయి, నీలికళ్లు వెలిసిపోతాయి. ఇవి తెలిశాక ఆ కళ్ల గురించి ఏం రాస్తావో చూడాలని ఉంది.

ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఫొటో దగ్గర మాత్రం పరుగెత్తావు. ఆగాల్సింది అక్కడే కదా! 1867లో ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ తన సామానంతా మోయించుకుని కెంట్‌లో ఆయన ఇంటికే వెళ్లింది. వాళ్లది ముప్ఫై ఏళ్ల స్నేహం. ఆయన చేత తలస్నానం చేయించి, తెల్లజుట్టుని రేపి మరీ ఫొటో తీసిందని చెబుతారు. బల్ల లేదు, పుస్తకం లేదు, టెలిస్కోపు లేదు, చీకట్లోంచి బయటికొచ్చిన ఒక ముసలి ముఖం. వెలుతురుకి నల్లబడే వెండి లవణాల్ని హైపో అనే రసాయనం కరిగిస్తుందని 1819లో గమనించింది ఈ హెర్షెలే. ప్రింటు వెలుతురుకి నల్లబడిపోకుండా కాపాడేది ఆ హైపోనే. ఈ ముక్క నీ వ్యాసంలో లేనే లేదు. అది చెప్పి ఊరుకో. "ఎంత విచిత్రం!" అని నువ్వు తగిలించక్కర్లేదు, చదివేవాళ్లే అనుకుంటారు.

"మహోన్నత" అనే మాట ఎక్కడ కనపడితే అక్కడ కొట్టెయ్. ఫెరడే ఫొటోలో ఆయన చేతిలో ఉన్నది అయస్కాంతమని ఢంకా బజాయించావు, 1845 నాటి ఆయన కాంతి ప్రయోగంలో వాడినలాంటి గాజు కడ్డీ అనేవాళ్లూ ఉన్నారు. "చేతిలో చిన్న కడ్డీ" అంటే సరిపోతుంది.

తిరగరాసి పంపు. ఈసారి ఫొటోలు కూడా జత చెయ్యి, పెద్ద సైజువి. నా కళ్లజోడు సంగతి నీకు తెలుసుగా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు