వియత్నాం ట్రిప్‌లో సూట్ కుట్టించుకోవచ్చా? రెండుసార్లు కుట్టించుకున్న అనుభవంతో చెబుతున్నాను

మీరు అడిగింది ఇది: తమ్ముడి రిసెప్షన్‌కి సూట్ కావాలి, వచ్చే నెల కుటుంబంతో వియత్నాం వెళ్తున్నారు, డానాంగ్‌లో నాలుగు రాత్రులు ఉంటారు, మూడో రోజు సాయంత్రం హోయ్ ఆన్ చూడ్డానికి వెళ్తారు. అక్కడ ఒక్క రోజులో చవకగా సూట్ కుట్టి ఇస్తారట, నమ్మి ఇవ్వచ్చా అని.

ఇవ్వచ్చండీ. కాకపోతే మూడో రోజు సాయంత్రం ఇవ్వకండి. హోయ్ ఆన్‌ని మొదటి రోజుకి జరపండి. డానాంగ్ ఎయిర్‌పోర్టు నుంచి సుమారు 30 కిలోమీటర్లు, కారులో ముప్పావు గంట. దిగిన రోజు మధ్యాహ్నమే వెళ్లి కొలతలిచ్చి వస్తే, ట్రయల్స్‌కి, సరిచేయించుకోడానికి మూడు రోజులు మిగులుతాయి. ఇంకేం మార్చకపోయినా మీ ప్లాన్‌లో ఈ ఒక్కటీ మార్చండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆఖరి నిమిషంలోనూ కుట్టించుకున్నాను, రోజులు పెట్టుకునీ కుట్టించుకున్నాను.

2016లో ఆఫీసు వాళ్లతో బ్యాంకాక్ వెళ్లాను. తిరిగి రావడానికి రెండు రోజుల ముందు టుక్‌టుక్ అతను తనంతట తనే ఒక టైలర్ షాపు ముందు ఆపాడు. అక్కడ అలా తీసుకెళ్లినవాళ్లకు షాపు నుంచి కమీషన్ ముడుతుంది, అది మన బిల్లులోంచే పోతుంది. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. రెండు సూట్లు, రెండు చొక్కాలు, ఒక టై, అన్నీ కలిపి 200 డాలర్లు, రేపు రాత్రికి హోటల్‌కే తెచ్చిస్తాం అన్నారు. మాట ప్రకారం తెచ్చారు. రాత్రి పదకొండింటికి లాబీలో తొడిగి చూస్తే చంకల దగ్గర పట్టేసింది. తెల్లారితే ఫ్లైట్. అలాగే తెచ్చుకున్నాను. హైదరాబాద్‌లో రెండోసారి డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి తెచ్చాక కోటు ముందు భాగమంతా పొక్కులు పొక్కులుగా ఉబ్బింది.

మా నాన్నగారు తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా టైలర్ షాపు నడిపారు. ఆ కోటు ఆయన చేతికిస్తే లైనింగ్ ఒక మూల విప్పి లోపల చూశారు. "ఇది కుట్టింది కాదురా, అంటించింది" అన్నారు.

ఆయన ఆ రోజు చెప్పిందే సూట్ కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది. కోటు ముందు భాగంలో పైబట్టకీ లైనింగ్‌కీ మధ్య ఇంకో పొర ఉంటుంది. ఛాతీ దగ్గర కోటు నిలబడేది దాని వల్లే. పాత పద్ధతిలో ఆ పొర కాన్వాస్. గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన బట్ట అది, దాన్ని పైబట్టకు టాకాలు వేసి కుడతారు. మనిషితో పాటు కదులుతుంది, వేసుకునేకొద్దీ ఒంటికి అమరుతుంది. రెండో పద్ధతిలో ఒకవైపు గమ్ ఉన్న బట్టను వేడితో నొక్కి అంటించేస్తారు. దాన్ని ఫ్యూజింగ్ అంటారు. ఫ్యూజింగ్ అంటేనే చెడ్డదని కాదు, రెడీమేడ్ కోట్లు చాలావరకు అవే. కానీ గమ్ నాసిరకమైనా, హడావిడిగా నొక్కినా డ్రైక్లీనింగ్‌కి లేచిపోతుంది. రాత్రికి రాత్రి కుట్టి ఇచ్చే కోటులో టాకాలు వేసే తీరిక ఎవరికి ఉంటుంది? మీరు "హాఫ్ కాన్వాస్" అని అడగండి. అంటే ఛాతీ వరకు కాన్వాస్, కింద ఫ్యూజింగ్. మన బడ్జెట్‌కి అది చాలు. చూసుకోవడం కూడా తేలికే. ఛాతీ దగ్గర పైబట్టను ఒక చేత్తో, లోపలి బట్టను ఇంకో చేత్తో చిటికెడు పట్టుకుని విడదీయండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతూ తగిలితే కాన్వాస్ ఉన్నట్టు.

2024 మార్చిలో మా ఆవిడా నేనూ హోయ్ ఆన్ వెళ్లాం. ఈసారి అక్కడే నాలుగు రాత్రులు ఉన్నాం. థూ బోన్ నది ఒడ్డున ఉన్న పాత రేవు పట్నం అది. ఒకప్పుడు చైనా, జపాన్ వర్తకులు పట్టు, పింగాణీ వ్యాపారం చేసేవారు. నది పూడుకుపోయి ఓడలు డానాంగ్‌కి మళ్లాయి, పాత ఇళ్లు మాత్రం అలాగే నిలిచాయి. 1999లో యునెస్కో జాబితాలో చేరింది. ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా టైలర్ షాపులే. మన అదృష్టం, షాపుల్లో ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు.

మూడు షాపులు తిరిగి అన్నిచోట్లా ఒకటే అడిగాను, ఎన్ని ట్రయల్స్ ఇస్తారని. మొదటి షాపులో ఒకటి చాలు, రేపు పొద్దున్నే ఇచ్చేస్తాం అన్నారు. రెండో చోట ధర తగ్గిస్తూ పోయారు తప్ప ట్రయల్స్ సంగతి తేల్చలేదు. మూడో షాపు ఆవిడ మాత్రం ఇంకెవరిదో సగం కుట్టిన కోటు తెచ్చి, తిరగేసి లోపలి కాన్వాస్ చూపించింది. మూడు ట్రయల్స్ అంది. ఆవిడకే ఇచ్చాను.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మన ఊళ్లో కొలత తీసిన మాస్టరే సాధారణంగా బట్ట కత్తిరిస్తాడు. హోయ్ ఆన్‌లో చాలా షాపుల్లో కొలతలు తీసేది ఒకరు, కత్తిరించి కుట్టేది ఊళ్లో ఇంకోచోట వర్క్‌షాపులో ఇంకొకరు. ఆ కత్తిరించే మనిషి మిమ్మల్ని చూడడు, ఆయనకు చేరేది కాగితం మీద అంకెలే. మీ నిలబడే తీరు, భుజాల వాలు, కాస్త ముందుకు వంగే అలవాటు అంకెల్లోకి రావు. అందుకే ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఫోటోలు తీసి కాగితంతో పాటు పంపమని అడగండి. కొలతలిచ్చేటప్పుడు బిగదీసుకోకుండా ఎప్పుడూ నిలబడేలా నిలబడండి. జేబులు ఖాళీ చేయండి. సూట్ లోపల వేసుకునే చొక్కా లాంటిదే వేసుకుని వెళ్లండి, టీషర్ట్ వద్దు.

మొదటి ట్రయల్ మర్నాడు సాయంత్రం. మా ఆవిడ ఫోన్ పట్టుకుంది, నాన్న తెనాలి నుంచి వీడియో కాల్‌లో చూశారు. "వెనక్కి తిరుగు. రెండు చేతులూ ముందుకు చాపు. గుండీ పెట్టి కుర్చీలో కూర్చో." ఇలా పది నిమిషాలు ఆడించారు. వీపు మీద కుడివైపు ఏటవాలుగా మడత పడుతోందని ఆయనే పట్టుకున్నారు. "నీకు కుడి భుజం అర ఇంచు కిందికి ఉంటుందిరా, వాళ్లకి చెప్పలేదా?" అన్నారు. నేను చెప్పలేదు, నాకు గుర్తే లేదు. షాపు ఆవిడ వెంటనే గుండుసూదులు పెట్టి సుద్దతో గీసింది. కుడి భుజం విప్పి, ప్యాడ్ కొంచెం పెంచి కుట్టారు. రెండో ట్రయల్‌లో భుజం కుదిరింది కానీ స్లీవ్ వెనక వైపు ముడతలు. నా చేతులు సహజంగా కాస్త ముందుకు వేలాడతాయి, స్లీవ్ మాత్రం నిటారుగా కుట్టారు. దాన్ని విప్పి తిప్పి కుట్టడం పెద్ద పనే. అయినా చేశారు. మూడో ట్రయల్‌కి చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. ఒక్క రోజులో ముగించి ఉంటే ఆ రెండు లోపాలూ అలాగే ఇంటికి వచ్చేవి.

అద్దం ముందు నిలబడినప్పుడు ఏం చూడాలంటే, ముందు భుజాలు, చంకలు, కోటు పొడవు. ఈ మూడూ తర్వాత సరిచేయడం మన దగ్గర ఏ టైలరుకైనా కష్టం. కోటు కాలరు మెడ వెనక చొక్కా కాలరుకు ఆనుకుని ఉండాలి, మధ్యలో వేలు దూరే ఖాళీ ఉండకూడదు. గుండీ పెడితే ఎక్స్ ఆకారంలో ముడతలు లాగకూడదు. నడుము లూజు, స్లీవ్ పొడవు లాంటివి తర్వాత కూడా అవుతాయి కాబట్టి వాటికి అంత టెన్షన్ పడక్కర్లేదు. స్లీవ్ చివర గుండీలకు నిజం కాజాలు పెడతామంటే మాత్రం, పొడవు ఖాయమయ్యేదాకా కోయవద్దని చెప్పండి. కాజాలు కోశాక కిందవైపు నుంచి పొడవు తగ్గించడానికి వీలుండదు. లోపల కుట్టు పక్కన, వీపు దగ్గరా ప్యాంటు సీటు దగ్గరా, ఒక ఇంచు బట్ట వదలమనండి. రెండేళ్ల తర్వాత మీరే సంతోషిస్తారు.

బట్ట విషయంలో కొంచెం జాగ్రత్త. "ఇటాలియన్ వూల్", "కాష్మీర్" అని అందరూ అంటారు. బట్ట అంచు మీద సూపర్ 150 అని నేసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఆ అంకె ఉన్ని పోగు ఎంత సన్ననిదో చెప్పేది. సూపర్ 100 అంటే 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించని పోగు. పోగు సన్నబడేకొద్దీ బట్ట నాజూకవుతుంది, తేలిగ్గా నలుగుతుంది. అసలైనదే అయినా మనకు 100, 120 చాలు. అసలు అది ఉన్నేనా కాదా తెలియాలంటే పోగు కాల్చి చూడటమే. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. షాపువాళ్లే లైటర్ తీసి చూపిస్తారు, కానీ శాంపిల్ ముక్క లోంచి పోగు తీస్తారు. మీ సూట్‌కి కత్తిరించబోయే తాను లోంచే తీయమనండి. ఉన్ని ఖరీదనిపిస్తే మన టైలర్లు టెర్రీవూల్ అనే ఉన్ని, పాలియెస్టర్ మిశ్రమం తీసుకోండి, అది బాగానే ఉంటుంది. పూర్తి పాలియెస్టర్ మాత్రం వద్దు. మన ఎండల్లో, ఫంక్షన్ హాల్ లైట్ల కింద మూడు గంటలు నిలబడి ఫోటోలు దిగాలి మీరు. నేను పల్చటి ట్రాపికల్ వూల్ తీసుకుని, వీపు సగం దాకానే లైనింగ్ వేయించుకున్నాను.

డబ్బు సంగతి. 220 డాలర్లు చెప్పారు, 180కి కుదిరింది. అప్పటి లెక్కలో మన 15 వేలు. డాలరుకు 25 వేల డాంగ్‌ల (వియత్నాం కరెన్సీ) పైనే కాబట్టి బిల్లు లక్షల్లో కనిపిస్తుంది, కంగారు పడకండి. కార్డు అయితే 3 శాతం ఎక్కువ అన్నారు. వెళ్లే ముందు విజయవాడలో అదే రకం బట్టకు కుట్టుకూలితో కలిపి 20 వేల పైనే చెప్పారు. అంటే నాకు మిగిలింది ఐదారు వేలు. కేవలం సూట్ కోసం విమానం ఎక్కేంత తేడా లేదు, ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి లాభమే. 100 డాలర్ల లోపు సూట్లు కూడా దొరుకుతాయి. నాకు చూపించినవి పాలియెస్టర్, ఫ్యూజింగ్. అంత డబ్బు పెట్టి అవి తెచ్చుకోవడం కన్నా మన ఊళ్లో రెడీమేడ్ కొనుక్కుని ఆల్టర్ చేయించుకోవడం మేలు.

అడ్వాన్స్ సగం ఇవ్వండి, మిగతాది ఆఖరి ట్రయల్ అయ్యాకే. రసీదు మీద బట్ట నంబరు రాయించి, ఆ బట్ట ముక్క పిన్ను కొట్టించండి. హాఫ్ కాన్వాస్ అన్న మాట, ట్రయల్స్ ఎన్ని అన్నదీ రాయించండి. నోటిమాటగా ఉన్నవి మర్నాడు ఇంకో అమ్మాయి కౌంటర్‌లో ఉంటే గాలికి పోతాయి.

ట్రయల్స్ వల్ల ట్రిప్ పాడవుతుందని అనుకోకండి, ఒక్కోటి అరగంట. పగలంతా తిరిగి సాయంత్రం షాపుకి వెళ్లాం. ఒక రోజు బా నా కొండలకు, ఒక రోజు మీ సన్ (My Son) అనే చోట ఉన్న పాత గుడులకు. మీ సన్ తప్పకుండా చూడండి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు శివుడికి కట్టించిన ఇటుక గుడులు, సంస్కృత శాసనాలు. అంత దూరంలో శివలింగం ముందు నిలబడితే మాకు మాటలు రాలేదు. మా ఆవిడ సూట్ కుట్టిన షాపులోనే అవో దాయ్ (వియత్నాం ఆడవాళ్లు వేసుకునే పొడవాటి సంప్రదాయ డ్రెస్సు) కుట్టించుకుంది, ఒక్క రోజులో ఇచ్చారు, చక్కగా కుదిరింది. కాన్వాస్ పని లేని చొక్కాలు, గౌన్లు ఒక్క రోజులో అయినా ఫరవాలేదు, ఇంత జాగ్రత్త కోటుకే. ఇంకోటి, మీ ట్రిప్ అక్టోబరు, నవంబరుకు జరిగితే పాత ఊళ్లోకి వరద నీళ్లు వస్తుంటాయి, అప్పుడు సూట్ ఆశ పెట్టుకోకండి.

ప్యాంటు పొడవు మాత్రం అక్కడ ఖాయం చేయించకండి. కింద రెండు ఇంచులు ఎక్కువ వదిలి టాకా వేసి ఇమ్మనండి. బూటు మడమను బట్టి పొడవు మారుతుంది, రిసెప్షన్‌కి వేసుకునే బూట్లు మీరు వియత్నాం మోసుకెళ్లరు కదా. నాకు నాన్న తెనాలిలో బూట్లు తొడిగించి, నేల మీద కూర్చుని సుద్దతో గీసి కుట్టిపెట్టారు. మీకు మీ వీధి టైలరు అరగంటలో చేసిపెడతాడు.