సైకిల్ యాత్రకు ముందు బొలోన్యాలో రెండు రాత్రులు

ప్రశ్న: సెప్టెంబరులో మేమిద్దరం ఇటలీలో సైకిల్ యాత్ర పెట్టుకున్నాం. సొంత సైకిళ్లే తీసుకెళ్తాం. బొలోన్యాలో దిగి, రెండు రోజులు ఊరు చూసి, ఉత్తరానికి బయల్దేరాలని ఉంది. సైకిళ్లను ఇక్కడి నుంచి ఎలా చేర్చాలి? ఆ రెండు రోజులూ ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: నెల బాగా ఎంచుకున్నారు. జులై, ఆగస్టుల్లో బొలోన్యా ఉన్న పో నది మైదానంలో ఎండ దంచేస్తుంది. అక్కడి ఆగస్టు 15 పండగ (ఫెర్రాగోస్తో) చుట్టూ చాలా దుకాణాలు మూసేస్తారు కూడా.

మొదటి చిక్కు బరంపురం స్టేషన్లోనే. 100×60×25 సెంటీమీటర్లు దాటిన పెట్టెను రైల్లో మన దగ్గర పెట్టుకోనివ్వరు. బ్రేక్‌వ్యాన్‌కి (సామాను డబ్బాకి) బుక్ చేయాలి. సైకిల్ అట్టపెట్టె ఎలాగూ అంతకంటే పెద్దదే. రెండు పెట్టెలు కాబట్టి భువనేశ్వర్ విమానాశ్రయం దాకా బండి మాట్లాడుకోవడమే మేలు.

అట్టపెట్టె సైకిల్ షాపులో అడిగితే దొరుకుతుంది. పెడల్స్ ఊడదీసేటప్పుడే చాలామంది మర పాడుచేస్తారు, ఎందుకంటే ఎడమ పెడల్‌ది తిరగమర. పానాను నిలువుగా పెట్టి పైకొనను వెనక చక్రం వైపు లాగండి, రెండు పెడల్సూ అలాగే ఊడతాయి. ముందు చక్రం తీశాక ఫోర్కు (ఆ చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల కడ్డీ) కొసల మధ్య ప్లాస్టిక్ ముక్కో చెక్కో బిగించండి. లేకపోతే పైన బరువు పడ్డప్పుడు ఫోర్కు నొక్కుకుపోతుంది. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య కూడా అట్టముక్క ఉండాలి. చక్రం లేనప్పుడు పొరపాటున లీవర్ నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి, తర్వాత డిస్క్ దూరదు. వెనక డిరైలర్‌ని (గొలుసును జరిపి గేరు మార్చే భాగం) 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేము లోపలికి కట్టేయండి. దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ ఒక్కటి వంగినా గేర్లు పడవు. ఒక స్పేర్ హ్యాంగర్ కొనుక్కోండి, మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి అక్కడ దొరుకుతుందన్న ధీమా వద్దు. సీటు ఎత్తు దగ్గర టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. పానాలు చెక్-ఇన్ సామానులోనే వేయాలి.

బొలోన్యాలో దిగే రోజు శనివారం సాయంత్రం కాకుండా చూసుకోండి. ఆదివారం సైకిల్ షాపులు ఎక్కువగా మూసే ఉంటాయి, బిగింపులో ఏం తేడా వచ్చినా సోమవారం దాకా ఆగాలి. విమానాశ్రయం ఊరి నడిబొడ్డుకు దాదాపు 6 కిలోమీటర్లే. పెట్టెలున్నాయి కాబట్టి వ్యాన్ సైజు ట్యాక్సీ ముందే చెప్పుకోండి. హోటల్ బుక్ చేసేటప్పుడే సైకిల్ లోపల పెట్టనిస్తారా అని రాసి అడగండి. మనిషికి, రాత్రికి ఇంతని ఊరి పన్ను విడిగా కట్టాలి.

మొదటి పూట సైకిల్ బిగించుకోండి. రెండో రోజు బ్యాగులు తగిలించి సాన్ లూకా గుడి రోడ్డు ఎక్కండి. రెండు కిలోమీటర్లే గానీ, తప్తపాణి ఘాటు అలవాటున్న వాళ్లకీ చెమటలు పడతాయి. గేరు జారినా, బ్రేకు కీచుమన్నా అక్కడే బయటపడుతుంది, షాపూ దగ్గరే. పేరుపడ్డ పోర్టికోలు, అంటే స్తంభాల మీద కప్పున్న నడవలు (2021 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి), నడిచి చూడాల్సినవి, వాటి కింద సైకిల్ తొక్కకూడదు.

మూడో రోజు సాలా బొలొన్యేసె దగ్గరి ఓస్తేరియా నువోవా నుంచి మిరాండొలా దాకా పాత రైలు కట్ట మీద వేసిన సైకిల్ బాట పట్టండి. సుమారు 46 కిలోమీటర్లు, అంతా చదును. నీడ తక్కువ, నీళ్లు నింపుకుని బయల్దేరండి.

ప్రశ్న: సైకిళ్లు అక్కడే అద్దెకు తీసుకుంటే పోదా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వారం లోపు యాత్రకైతే అదే నయం. మీ సీటు, పెడల్స్ మాత్రం వెంట తీసుకెళ్లండి. ఎక్కేముందు ముందు చక్రం ఎత్తి తిప్పి, ఏ లీవర్‌కి ఆగుతుందో చూడండి. మన సైకిళ్లకు ముందు బ్రేకు సాధారణంగా కుడిచేతి వైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు ఉండొచ్చు. దిగుడులో అలవాటుగా నొక్కితే బోర్లా పడతారు. బండ్లు కుడిపక్కన నడిచే దేశం కాబట్టి మొదటి రోజు మలుపుల దగ్గర మరీ జాగ్రత్త. చీకటి పడ్డాక ఊరి బయటా, సొరంగాల్లోనూ వెలుతురు పడితే మెరిసే జాకెట్ తప్పనిసరి. రీజనల్ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే) రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ కొనాలి. కాగితం టికెట్‌ని ఎక్కేముందే ప్లాట్‌ఫారం మిషన్లో ముద్ర వేయించుకోకపోతే జరిమానా వేస్తారు.