ఒక గడిలో నాలుగు బంట్లు పట్టాలి

ప్రశ్న: అన్నా, మా పాపకు తొమ్మిదేళ్లు. మూడు నెలల నుంచి చెస్ కోచింగ్‌కు పోతోంది. అక్కడ చక్కగా ఆడుతుందంట, ఇంట్లో కూర్చుంటే మాత్రం మంత్రికీ శకటుకూ తేడా తెలియక తప్పులు చేస్తోంది. ఇంట్లో ఉన్నది పుట్టినరోజుకు మా తమ్ముడు ఇచ్చిన గాజు సెట్టు. కొత్తది కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే మూడు వందల నుంచి పది వేల దాకా ఉన్నాయి, ఫోటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. చెక్కదైతే ఎప్పటికీ ఉంటుందని మా ఆయన అంటున్నారు. ఏది కొనమంటారు?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: అక్కా, ముందు ఆ గాజు సెట్టు తీసి షోకేసులో పెట్టేయండి. ఇందులో పాప తప్పేమీ లేదు. గాజు సెట్టులో ఒక పక్క పావులు నిగనిగలాడుతుంటాయి, ఇంకో పక్కవి మసగ్గా ఉంటాయి, బోర్డు కూడా అదే గాజు. పైన ట్యూబ్‌లైటు వేస్తే ఏ గడి ఏ రంగో పెద్దవాళ్లకే పట్టుబడదు. పిల్లలు పావును తలచూసి గుర్తుపడతారు, ఆ తలలే సరిగా కనపడకపోతే ఇక ఎత్తు ఏం ఆలోచిస్తుంది పాపం.

మీకు కావలసింది ప్లాస్టిక్ సెట్టే. బరువు నింపిన ప్లాస్టిక్ పావులు, స్టాంటన్ మోడల్, చాపలా చుట్టిపెట్టుకునే వినైల్ బోర్డు. మామూలుగా వెయ్యి రూపాయల లోపలే వచ్చేస్తుంది. రేపు పాప జిల్లా టోర్నమెంటుకో రాష్ట్ర టోర్నమెంటుకో పోతే అక్కడ టేబుళ్ల మీద ఎక్కువగా కనపడేది ఇలాంటి సెట్టే, కాబట్టి ఇంట్లో కూడా కళ్లు దానికే అలవాటు పడాలి.

స్టాంటన్ అంటే 1849లో లండన్‌లో అమ్మకానికి వచ్చిన పావుల నమూనా, అప్పట్లో పేరున్న ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ పేరు దానికి పెట్టారు. రాజు నెత్తిన శిలువ, మంత్రికి కిరీటం, శకటు తలలో ఏటవాలు చీలిక, గుర్రానికి గుర్రం తలే. ఏనుగు మాత్రం మా కర్నూలు కొండారెడ్డి బురుజును చిన్నది చేసి పెట్టినట్టు ఉంటుంది, మనం ఏనుగంటాం కాబట్టి కొత్త పిల్లలు తొండం ఎక్కడా అని వెతుక్కుంటారు, ఒకసారి చెబితే సరిపోతుంది. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడె కూడా పోటీలకు ఈ నమూనానే వాడమంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, కొలతలు. ఫోటో చూసి కొనొద్దు, కింద రాసిన అంకెలు చూసి కొనండి. రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు, అంటే ఆన్‌లైన్‌లో మూడుముప్పావు అంగుళాలని రాస్తారు. బంటు 5 సెంటీమీటర్లు. గడి 5 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, రెండుంపావు అంగుళాల గడి అయితే ఈ రాజుకు సరిగ్గా సరిపోతుంది. చాలామంది పావులు పెద్దవి, బోర్డు చిన్నది కొనేసి మోసపోతారు. మడతపెట్టే పన్నెండు అంగుళాల పెట్టె బోర్డు చూడండి, గడి అంగుళంన్నర కూడా ఉండదు, అందులో పావులు సంతలో జనంలా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, గుర్రం తీయబోతే శకటు పడుతుంది.

పెట్టె ఇంటికి రాగానే ఒక పని చేయండి. నాలుగు బంట్లు తీసి ఒకే గడిలో రెండు రెండుగా పక్కపక్కన నిలబెట్టండి. నాలుగూ గీత దాటకుండా పట్టాలి, అలాగని మధ్యలో బాగా ఖాళీ మిగలకూడదు. గడి వెడల్పు బంటు అడుగుకు కనీసం రెండింతలు ఉండాలన్నది ఫిడె చెప్పేదే, టేపు లేకుండా చూసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

తర్వాత బరువు. రాజును వేలితో మెల్లగా వంచి వదిలేయండి. బరువు బాగా నింపినదైతే కాస్త ఊగి మళ్లీ నిటారుగా నిలబడుతుంది, బోలుదైతే దబ్బున పడిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించండి, లోపల గలగల శబ్దం వస్తే ఇనుప ముక్క సరిగా అతకలేదన్నమాట, నాలుగు రోజుల్లో అడుగు ఊడుతుంది, వెంటనే వాపసు పంపేయండి. అడుగున మెత్తటి గుడ్డ అంటించి ఉండాలి. మన ఇళ్లలో కింద కడప బండలు, ఫ్యాను కింద చల్లగా ఉంటుందని పిల్లలు ఆ బండల మీదే పరుచుకుని ఆడతారు, చెక్క గుర్రం చెవి ఆ బండకు తగిలిందంటే విరిగినట్టే. ప్లాస్టిక్కు ఎన్నిసార్లు పడ్డా తట్టుకుంటుంది, మీ పాప వయసుకు అది చాలా ముఖ్యం.

బోర్డు రంగు ఆకుపచ్చ–మీగడ రంగో, గోధుమ–మీగడ రంగో తీసుకోండి. నల్లవి తెల్లవి మరీ ఎదురెదురుగా కొట్టొచ్చినట్టు ఉంటే గంటసేపు చూసేసరికి కళ్లు మండుతాయి. మెరుపు ఉండకూడదు, పావులకూ బోర్డుకూ రెండింటికీ. అంచుల్లో అక్షరాలు, అంకెలు ఉన్న బోర్డే కావాలి, ఆడిన ఎత్తులు రాసుకోవడం రేపు తప్పదు. అయితే చవక బోర్డుల్లో ఈ అచ్చు తప్పుగా పడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. తెల్ల పావుల వైపు కూర్చుంటే ఎడమచేతి మూల గడి, అంటే ఏ1, ముదురు రంగుది కావాలి, కుడిచేతి మూల లేత రంగుది కావాలి. అది తిరగబడి ఉంటే ఆ బోర్డుతో పాప నేర్చుకున్నదంతా తప్పుడు లెక్కే అవుతుంది. ఇంకొకటి, మంత్రులు పక్కకు రెండు చొప్పున ఉన్న సెట్టు దొరికితే అదే తీసుకోండి. బంటు ఆ చివరకు చేరి మంత్రి అయినప్పుడు, రెండో మంత్రి లేక ఏనుగును తలకిందులుగా పెట్టి ఆడే అలవాటు మంచిది కాదు, టోర్నమెంటులో దాన్ని మామూలు ఏనుగుగానే లెక్కపెడతారు.

మీ ఆయన చెప్పిన చెక్క సెట్టు అందంలో సాటిలేనిదే, ఒప్పుకుంటాను. అమృత్‌సర్‌లో తయారై దేశాలు దాటిపోతాయి అవి. మిగతా పావులన్నీ చెక్కను తిప్పుతూ చెక్కే లేత్ మిషను మీద తీస్తారు, గుర్రం తల మాత్రం మనిషి కూర్చుని చేత్తో చెక్కాలి, అందుకే సెట్టు మంచిదో కాదో గుర్రం మొహం చూస్తే తెలిసిపోతుంది. కానీ మన ఎండ చెక్కకు పడదు. నాకు ఎంతో ఇష్టమైన చెక్క బోర్డును ఒక మే నెలలో బీరువా మీద, స్లాబుకు దగ్గరగా పెట్టి ఊరికి పోయాను. ఇరవై రోజులకు వచ్చి చూస్తే నడిమి అతుకు వెంట పగులు, పక్కనే డబ్బాలో ఉన్న నల్లచేవ కలప రాజు అడుగున వెంట్రుకంత చీలిక. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. పాప రెండుమూడేళ్లు ఆడి, ఆట మీద మనసు నిలబడ్డాక కొనండి, అప్పుడు జాగ్రత్తగా చూసుకుంటుంది.

ప్రశ్న: సార్, తెలిసినాయన ఒకరు ఎర్రచందనంతో చేసిన చెస్ సెట్టు ఉంది, ఇస్తానంటున్నాడు. రంగు నిజంగానే ఎర్రగా ఉంది. తీసుకోవచ్చా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, కడప

జవాబు: వద్దు సార్. శేషాచలం, లంకమల అడవులు మీ పక్కనే ఉన్నాయి, ఆ చెట్టు కోసం ఏమేం జరుగుతోందో నాకంటే మీకే బాగా తెలుసు. అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం ఏ రూపంలో ఇంట్లో ఉన్నా కేసే, పెద్ద వయసులో మీకు ఆ టెన్షన్ ఎందుకు. పైగా అది ఎర్రచందనం కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఎర్ర చెక్క సెట్లలో చాలావరకు పడౌక్ అనే కలప వాడతారు, మార్కెట్లో బడ్‌రోజ్‌వుడ్ అంటారు. ఎర్రచందనానికి చుట్టమే, కానీ ఆఫ్రికా చెట్టు. ఇది కొనాలనుకుంటే బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. కొత్తలో ఎర్రగా ఉన్నా వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, అది నాణ్యత లోపం కాదు.

ప్రశ్న: హాస్టల్లో ఉంటాను అన్నా. రైల్లో ఆడుకోవడానికి అయస్కాంతం సెట్టు కొన్నాను, ప్రాక్టీసుకు అది చాలా? ఆట టైము లెక్కపెట్టే చెస్ క్లాక్ కూడా కొనాలా?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: రైలుకు బాగుంటుంది తమ్ముడూ, ప్రాక్టీసుకు చాలదు. అరచేతంత బోర్డులో చూపు ఒక్కచోటే తిరుగుతుంది, టోర్నమెంటు బోర్డు ముందు కూర్చునేసరికి ఆ చివర మూలన ఉన్న శకటు కంట్లో పడదు. రూమ్మేట్లు నలుగురు కలిసి ఒక వినైల్ సెట్టు కొనుక్కోండి, చుట్టి బ్యాగులో పడేయొచ్చు. విప్పినప్పుడు అంచులు లేస్తుంటే ఎదురువైపుకు చుట్టి రాత్రంతా ఉంచు, పొద్దున్నకు చాపలా పరుచుకుంటుంది. ఇస్త్రీ పెట్టె మాత్రం పెట్టొద్దు, కరిగిపోతుంది.

క్లాక్‌కు ఇప్పుడే డబ్బులు పెట్టకు, ఫోనులో ఉచితంగా దొరికే యాప్ చాలు. కొన్ని టోర్నమెంట్లలో క్లాక్ మీరే తెచ్చుకోవాలని ముందే రాస్తారు, అలాంటిదానికి పేరు ఇచ్చిన రోజు కొను. కొనేటప్పుడు ఎత్తు ఎత్తుకూ సెకన్లు కలిపే డిజిటల్‌దే తీసుకో, పాత ముళ్ల గడియారంలో ఆ వసతి ఉండదు.