బి అంటే బ్రాయిలర్ కాదు, కానీ కోడితో చుట్టరికం ఉంది

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లెటూరు. బ్రాయిలర్ షెడ్డు నడుపుతున్నాను. మా చెల్లెలి కొడుక్కి అయిదేళ్లు. జ్వరం తగ్గక, ఒంటి మీద నీలి మచ్చలు కనపడితే చెన్నై తీసుకెళ్లారు. బి సెల్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్ అన్నారు. ప్రతి ఆదివారం వాళ్లింటికి కోడి పంపేది నేనే. ఇప్పుడు చెల్లెలి అత్తగారు "నీ అన్న పంపిన సూదుల కోళ్లు తినే బిడ్డకి ఇట్లా అయింది" అంటోంది. బి అంటే బ్రాయిలరా అని మా బావ కూడా అడిగాడు. నిజంగా నా కోళ్ల వల్లేనా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ కోళ్ల వల్ల కాదు. ఈ పేజీ తీసుకెళ్లి ఆ పెద్దావిడకి చదివి వినిపించండి.

కాకపోతే మీ బావ అడిగినదాంట్లో ఒక తమాషా ఉంది, ఆ 'బి' వచ్చింది నిజంగా కోడి నుంచే. కోడిపిల్లకి రెట్ట వేసే దారి పైన చిన్న సంచి ఉంటుంది, దాన్ని బర్సా అంటారు. గంబోరో అనే కోళ్ల వైరస్ జబ్బుతో చచ్చిన పిల్లని కోసినప్పుడు పశువుల డాక్టరు వెతికి చూసేది దాన్నే, మీరూ చూసే ఉంటారు. 1950ల్లో అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కొన్ని కోడిపిల్లలకి ఆ సంచి తీసేశాడు. అవి మామూలుగానే పెరిగాయి. ఆ తర్వాత ఇంకో విద్యార్థి క్లాసులో చూపించడానికని ఆ కోళ్లనే అడిగి తీసుకుని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కిస్తే వాటిలో చాలావాటి ఒంట్లో యాంటీబాడీలు (రోగాలతో పోరాడే పదార్థాలు) పుట్టనే లేదు! పేరున్న పత్రిక తిప్పి పంపితే ఆ సంగతి 1956లో కోళ్ల పెంపకం పత్రికలో అచ్చయింది. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ ఇద్దరూ యాంటీబాడీలు తయారుచేసే కణాల దారి మిగతా రోగనిరోధక కణాల దారి కంటే వేరని తేల్చారు, వాటికి బర్సాలోని మొదటి అక్షరం 'బి' నిలిచిపోయింది. మనకి ఆ సంచి లేదు, మన బి కణాలు ఎముకల మూలుగలో పుడతాయి.

జబ్బు మొదలయ్యేది కూడా అక్కడే. బి కణం ఎదిగేటప్పుడు తన జన్యువుల్లో కొన్ని ముక్కల్ని తనే కత్తిరించి వేరే వరసలో అతుక్కుంటుంది, రకరకాల యాంటీబాడీలు తయారయ్యేది అందువల్లే. కత్తెర ఆడేచోట ఎప్పుడో ఒక కోత తప్పుగా పడొచ్చు. అలాంటి పొరపాట్లు కొన్ని కలిస్తే కణం ఎదగడం ఆపి, పసిదశలోనే ఉండిపోయి, పెరుగుతూనే పోతుంది. మూలుగంతా అదే నిండితే మిగతా రక్తకణాలకి చోటుండదు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గి నీలి మచ్చలు పడతాయి. చాలామంది పిల్లల్లో మొదటి పొరపాటు తల్లి కడుపులో ఉన్నప్పుడే జరిగిందని పరిశోధనల్లో తేలింది. అంటే అప్పటికి మీ మేనల్లుడు మీ కోడి రుచి చూడనే లేదు. మీ చెల్లెలు ఏదో తిన్నదని ఇప్పుడు ఆ అమ్మాయి మీద పడొద్దని కూడా చెప్పండి.

మందుల సంగతికొస్తే, ఇది పిల్లల క్యాన్సర్లలో బాగా నయమయ్యే వాటిలో ఒకటి, మంచి వైద్యం అందే దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. వాడే మందుల్లో విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చింది (ఆకులు నూరి తాగించడం మాత్రం చెయ్యకండి, విషం). మెథోట్రెక్సేట్ అనే ఇంకో మందు వెనక మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేసిన పని ఉంది. చికిత్స మొత్తం రెండు మూడేళ్లు పడుతుంది. కొన్ని నెలలకి జుట్టు మళ్లీ వచ్చి పిల్లాడు ఆడుకుంటుంటే ఇంక చాలులే అనిపిస్తుంది, నన్నడిగితే అసలు భయం అక్కడే, మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

కోడికూర పెట్టొచ్చు, బాగా ఉడకాలి అంతే. షెడ్డులోకి మాత్రం పిల్లాణ్ణి రానివ్వకండి, మందుల వల్ల రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది, ఆ ఊకదుమ్ము వాడికి ఇప్పుడు మంచిది కాదు. మీరు పాలపొడి కలిపిన నీళ్లలో గంబోరో టీకా ఇస్తారు కదా, అది బతికున్న వైరస్సుతో చేసింది. మనుషులకి వేసే టీకాల్లోనూ అలాంటివి ఉన్నాయి, తట్టు టీకా లాంటివి. డాక్టరు సరే అనేదాకా వాడికి అవి వేయించకూడదు. మీరు చూడ్డానికి వెళ్లేటప్పుడు షెడ్డులో కట్టుకున్న లుంగీతో వెళ్లకుండా స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్లండి.